దమ్ము ఆగకముందే మందు అందాలె!

నల్లగొండ, పాలమూరు ప్రజలకు విజ్ఞప్తి



2021 ఏప్రిల్, మే నెలలను మనలో ఎవరూ మరచిపోలేదు. దేవరకొండ తండాల నుంచి, కోస్గి, మద్దూరు పల్లెల నుంచి, అచ్చంపేట అడవి అంచు నుంచి ఆయాసపడుతున్న మనుషులను ఆటోల్లో, కిరాయి కార్లలో ఎక్కించుకొని హైదరాబాద్ తొవ్వ పట్టాం. బెడ్డు కోసం ఒకరు, రెమ్డెసివిర్ కోసం ఒకరు, టోసిలిజుమాబ్ కోసం మరొకరు రాత్రంతా ఫోన్లు కొట్టారు. ఎకరం, రెండెకరాలు తెగనమ్మిన ఇళ్లున్నాయి. పుస్తెలతాడు కుదువబెట్టిన ఇళ్లున్నాయి. అంత చేసినా మనిషి దక్కని ఇళ్లున్నాయి.

ఆ గోసలో మనకెవరూ గట్టిగా చెప్పని సంగతి ఒకటుంది. కరోనాతో ఆక్సిజన్ పడిపోయిన మనిషి ప్రాణం నిలబెట్టగలదని అన్నిటికన్నా ముందు రుజువైన మందు బ్లాకులో అమ్మినది కాదు. మామూలు మెడికల్ షాపులో కొద్ది రూపాయలకు దొరికే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. రెండు మిల్లీలీటర్ల చిన్న సీసా, అందులో 8 మిల్లీగ్రాముల మందు. కరోనా రోగికి రోజుకు 6 మిల్లీగ్రాములు చాలు, అంటే సీసాలో ముప్పావు వంతు. అదీ పది రోజులకు మించి అక్కర్లేదు. మనిషి మింగగలిగితే గోలీలూ ఉన్నాయి.

ఇది ఎవరో చెప్పిన కబురు కాదు. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ డాక్టర్లు 2020 మార్చిలో ‘రికవరీ’ అనే పరీక్ష మొదలుపెట్టారు. దేశంలోని ఎన్నో ప్రభుత్వ ఆసుపత్రులు అందులో చేరాయి. 2,104 మంది రోగులకు ఈ మందు ఇచ్చారు, 4,321 మందికి మామూలు చికిత్స మాత్రమే చేశారు. ఎవరికి ఏది అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు కాబట్టి అందులో పైరవీకి తావు లేదు. జూన్ 16న ఫలితం చెప్పారు. వెంటిలేటర్ మీదున్న వంద మందిలో మామూలు చికిత్సతో 41 మంది 28 రోజుల లోపు చనిపోతే, డెక్సామెథసోన్ తోడైన చోట 29 మంది చనిపోయారు. వెంటిలేటర్ లేకుండా ఆక్సిజన్ మీదున్న వంద మందిలో 26కు బదులు 23. మూడు నెలల లోపే ప్రపంచానికి జవాబు దొరికింది. పది రోజులు తిరిగేసరికి, జూన్ 27న, మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా తన చికిత్స పద్ధతిలో ఈ మందును చేర్చింది.

కాగితం మీద చేర్చడం వేరు. పెద్దవూర నుంచో, మన్ననూరు నుంచో వచ్చిన మనిషికి ఆ రాత్రి ఆ సూది పడటం వేరు. ఈ కరపత్రం ఆ రెండింటి మధ్య ఉన్న దూరం గురించి.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ముందు జబ్బు సంగతి తెలుసుకుందాం. ఇది తెలియకపోతే చవక మందే మన కొంప ముంచుతుంది.

కరోనా వచ్చిన మొదటి వారం ఒంట్లో వైరస్ పెరుగుతుంది. జ్వరం, దగ్గు, ఒళ్లు నొప్పులు. ఎక్కువమందికి అక్కడితో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం రెండో వారంలో కథ మారుతుంది. వైరస్‌ను చంపడానికి లేచిన మన రోగనిరోధక శక్తే అదుపు తప్పుతుంది. గట్టు మీది గడ్డి కాల్చబోతే పక్కనున్న వాము అంటుకున్నట్టు, ఆ వేడి ఊపిరితిత్తులకు తగులుతుంది. గాలి నిండాల్సిన చిన్న చిన్న సంచుల్లో నీరు చేరుతుంది. రక్తానికి ఆక్సిజన్ అందదు. డెక్సామెథసోన్ వైరస్‌ను చంపదు. అదుపు తప్పిన ఆ మంటను తగ్గిస్తుంది.

అందుకే టైము ముఖ్యం. వైరస్ పెరుగుతున్న మొదటి రోజుల్లోనే ఈ మందు పడితే, దాన్ని ఎదుర్కొనే శక్తినే మనం కట్టేసినట్టవుతుంది. ‘రికవరీ’ పరీక్షలోనే ఈ సంగతీ తేలింది. ఆక్సిజన్ అవసరం లేని రోగులకు ఈ మందుతో ఏ మేలూ కనబడలేదు. మందు వేసుకోని వంద మందిలో 14 మంది చనిపోతే, వేసుకున్నవాళ్లలో 18 మంది చనిపోయారు. ఆ తేడా కాకతాళీయం కావచ్చునని లెక్కలు కట్టినవాళ్లే చెప్పారు. కానీ మేలు లేని చోట మందు ఎందుకు వేసుకోవాలి?

మన ఊళ్లలో ఇది చాలా పెద్ద సమస్య. డెక్సా సూది మనకు కొత్త కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఒళ్లు బిగుసుకుపోయినవాళ్లకు, పాలమూరులో కూలి పనితో కీళ్లు అరిగినవాళ్లకు, మామూలు జ్వరానికి కూడా ఆర్‌ఎంపీలు ఈ సూది పొడుస్తూనే ఉన్నారు. వేసిన పూటకు నొప్పి పోతుంది, ఆకలి పుడుతుంది, ‘మంచి సూది’ అని పేరొస్తుంది. నెలల తరబడి వాడితే మొఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, లోపల అణిగి ఉన్న టీబీ లేస్తుంది. అలా వాడి ఒక్కసారిగా ఆపేసినా ప్రమాదమే. 2021 మేలో బ్లాక్ ఫంగస్ మన రాష్ట్రాన్ని ఎలా వణికించిందో గుర్తుంది కదా? మే 20న ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ దవాఖాన ముందు కన్ను వాచినవాళ్లు, దవడ నల్లబడినవాళ్లు బారులు తీరారు. అదుపులో లేని షుగరు, ఇష్టం వచ్చినట్టు వాడిన స్టెరాయిడ్లు కలిసినచోట ఆ బూజు ఎక్కువగా పెరిగింది.

కాబట్టి మా విజ్ఞప్తిలో మొదటి మాట ఇది. ఆక్సిజన్ చూడకుండా, డాక్టరు చెప్పకుండా, జ్వరం రాగానే ఈ సూది వేయించుకోవద్దు. ‘ఇదే ప్రాణం కాపాడే మందట’ అని ఇంట్లో స్ట్రిప్పు కొని పెట్టుకొని మింగొద్దు. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అన్నదీ తప్పే. మామూలు ఆక్సిజన్ మీదున్న రోగులకు పెద్ద డోసు ఇచ్చి చూస్తే చావులు పెరిగాయని అదే ‘రికవరీ’ పరీక్షలో తర్వాత తేలింది. ఫ్లూ సంగతి మళ్లీ వేరు. తీవ్రమైన ఫ్లూలో స్టెరాయిడ్లు వాడకపోవడమే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సూచించింది. ఏ జబ్బో పరీక్షలో తేలాకే మందు. అందుకే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష కిట్లు కూడా ఉండాలని అడుగుతున్నాం.

మన నేల మీద తయారయ్యే మందు మనకెందుకు దూరం?

డెక్సామెథసోన్ ఒక్కటే కాదు. అది ఇచ్చినా ఆక్సిజన్ ఇంకా పడిపోతున్నవాళ్లకు తోడుగా ఇవ్వడానికి మరో రెండు మందులు రుజువయ్యాయి. ఒకటి టోసిలిజుమాబ్ సూది, రెండోది బారిసిటినిబ్ గోలి. రెండూ కీళ్లవాతానికి తయారుచేసిన మందులే. ఆమాటకొస్తే స్టెరాయిడ్ల కథ కూడా కీళ్లవాతంతోనే మొదలైంది. 1948లో అమెరికా డాక్టర్ ఫిలిప్ హెంచ్ మంచం పట్టిన కీళ్లవాతం రోగికి కార్టిజోన్ ఇచ్చి లేపి నడిపించాడు, రెండేళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఒక జబ్బుకు పుట్టిన మందు ఇంకో జబ్బుకు పనికిరావడం మన తెలుగువాళ్లకూ తెలిసిన సంగతే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనను నడిపిన రోజుల్లో, క్యాన్సర్ కోసం అక్కడ పుట్టిన మెథోట్రెక్సేట్ ఇవాళ మన దగ్గర కీళ్లవాతానికి వాడే చవక గోలి.

2021 మేలో టోసిలిజుమాబ్ ఒక్క సీసా ధర సుమారు 40 వేలు. అదీ దొరకలేదు. ప్రైవేటు ఆసుపత్రుల కరోనా బిల్లులకు మన ప్రభుత్వం 2020 జూన్‌లో పరిమితి పెట్టింది. వార్డుకు రోజుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌కు 9,000. టోసిలిజుమాబ్ లాంటి ఖరీదైన మందులను మాత్రం ఆ పరిమితికి బయటే ఉంచింది. అప్పుల్లో మునగడానికి ఆ ఒక్క సందు చాలు.

ఇప్పుడు ఇంకో సంగతి వినండి. అదే టోసిలిజుమాబ్‌కు సమానమైన మందును తయారుచేసి, ‘టోసిరా’ పేరుతో హెటిరో కంపెనీ 2021 సెప్టెంబర్‌లో అత్యవసర అనుమతి తెచ్చుకుంది. తయారీ ఎక్కడ? జడ్చర్లలోని వాళ్ల బయోలాజిక్స్ ప్లాంటులో. మన పాలమూరు గడ్డ మీదే! అప్పటికి రెండో వేవ్ తగ్గిపోయింది. జడ్చర్ల మండలం పోలేపల్లిలో సెజ్ కోసం భూములు పోగొట్టుకున్న రైతులు ఏళ్ల తరబడి కొట్లాడారు. చౌటుప్పల్ చుట్టుపక్కల ఊళ్లు మందుల కంపెనీలు వదిలే నీళ్లతో బోర్లు పాడైపోతున్నాయని ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నాయి. భూమి మనది, నీళ్లు మనవి, షిఫ్టుకు పోయే పోరగాళ్లు మనవాళ్లు. మందు మాత్రం మన జిల్లా దవాఖాన అల్మారాలో ఉందో లేదో కూడా మనకు తెలియదు.

బారిసిటినిబ్ కథ ధైర్యం ఇస్తుంది. దీని అమ్మకం హక్కులు అమెరికా కంపెనీ ఎలై లిల్లీ చేతిలో ఉన్నాయి. 2021 మే మొదట్లో హైదరాబాద్ కంపెనీ నాట్కో, దేశం ఆపదలో ఉంది కాబట్టి తప్పనిసరి లైసెన్సు ఇచ్చి చవకగా తయారుచేయనివ్వమని పేటెంట్ల ఆఫీసులో దరఖాస్తు పెట్టింది. ఇదే నాట్కో 2012లో బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు నెక్సావర్ మీద, మన దేశంలో మొట్టమొదటి తప్పనిసరి లైసెన్సు సాధించింది. నెలకు 2 లక్షల 80 వేలున్న మందు 8,800కు దిగింది. ఆ అనుభవం అందరికీ తెలుసు. బారిసిటినిబ్ విషయంలో సుమారు రెండు వారాల్లోనే లిల్లీ తానే ముందుకొచ్చి నాట్కోకు లైసెన్సు ఇచ్చింది, ఇంకా అనేక భారతీయ కంపెనీలకూ ఇచ్చింది. నాట్కోకు పాత మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులో ప్లాంటు ఉంది, నాగార్జునసాగర్‌లోనూ ఉంది. 2022 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తీవ్రమైన కరోనాకు బారిసిటినిబ్‌ను గట్టిగా సిఫారసు చేసింది. చట్టం చేతిలో ఉన్నప్పుడు, దాన్ని వాడే గుండె ఉన్నప్పుడు ధర దిగుతుంది. ధర్మానికి ఎవరూ దించరు.

చవక అయితే చాలదు, రుజువు కావాలి

చవక మందు అని చెప్పి ఏది పడితే అది మన నోట్లో వేయనివ్వకూడదు. హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను 2020లో ఎంతమంది మింగారు! ఆసుపత్రి రోగులకు దానితో మేలు లేదని ఆ జూన్‌లోనే తేలింది. గౌట్ మందు కోల్చిసిన్ కూడా ఆసుపత్రిలో చేరిన రోగుల చావులు తగ్గించలేదు. ప్లాస్మా కోసం మన పిల్లలు దాతలను వెతుకుతూ వాట్సాప్‌లో ఎన్ని మెసేజ్‌లు పెట్టారో! ఐసీఎంఆర్ మన దేశంలో 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులతో పరీక్ష చేసి, ప్లాస్మా చావులు ఆపలేదని 2020లోనే చెప్పింది. అయినా దాన్ని చికిత్స పద్ధతి నుంచి తీసేసింది 2021 మే 17న. ఆ మధ్య నెలల్లో ఎంత పైసా పోయింది, ఎంత ఆశ పోయింది!

ఆ 464 మంది పరీక్ష ఇంకోటి కూడా చెబుతుంది. మన ఆసుపత్రులకు ఇలాంటి పని చేతనవును. ఇవాళ పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ కలిపి ఎనిమిది జిల్లాలయ్యాయి. ఎనిమిదింటిలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. 2016లో మహబూబ్‌నగర్‌తో మొదలై, 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తి, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ఇన్ని కాలేజీలు పెట్టుకొని, ఊపిరితిత్తుల జబ్బుతో చేరిన మన రోగికి ఏ చవక మందు పనిచేస్తుందో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చెప్పేదాకా కాచుకొని కూర్చోవాలా? మన రోగి వాళ్ల రోగి లాంటివాడు కాదు. మన దగ్గర షుగర్ ఎక్కువ, టీబీ ఎక్కువ, రాళ్ల దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు ఎక్కువ. 2023లో ఫ్రాన్స్ డాక్టర్లు తీవ్రమైన న్యుమోనియా రోగులకు హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూస్తే వందకు 12 చావులు 6కు తగ్గాయి. ఫ్లూ రోగులను అందులో కలపలేదు. ఇలాంటి ప్రశ్నలు మన జిల్లా దవాఖానల్లోనూ అడగాలి. రోగికి అర్థమయ్యే తెలుగులో, లంబాడీ మాటలో వివరించి, ఒప్పుకుంటేనే చేర్చుకొని, నైతిక కమిటీ కళ్ల ముందు జరగాలి. పేదవాళ్ల మీద దొంగచాటు ప్రయోగాలు మాకు వద్దు, నిజాయితీగా జరిగే పరీక్షలు కావాలి.

మా కోరికలు

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, పల్లె దవాఖానలో పనిచేసే పల్స్ ఆక్సిమీటర్ ఉండాలి. వేలికి తగిలించే ఆ చిన్న క్లిప్పే అన్నిటికీ మూలం. అది సరిగా చూడటం కూడా నేర్పాలి. గోరింటాకు, గోళ్ల రంగు ఉన్న వేలికి పెడితే తప్పు చూపొచ్చు. చల్లబడిన చేతిని రుద్ది వేడి చేయాలి, మనిషిని కూర్చోబెట్టాలి, అంకె నిలకడగా ఆగేదాకా చూడాలి. కూర్చున్నప్పుడు 96 ఉన్నా, ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూస్తే 91కి పడిపోయేవాళ్లుంటారు. పైకి ఆయాసం లేకుండా లోపల ఆక్సిజన్ పడిపోయేవాళ్లను పట్టుకునేది ఇలాగే. ఆశ అక్కకు ఈ పని నేర్పండి, ఆమె కష్టానికి పైసలివ్వండి.

94 కంటే పడిపోయిందంటే ఆలస్యం వద్దు. ఆక్సిజన్ కాన్సంట్రేటరో సిలిండరో అక్కడే ఉండాలి. కరోనా అని పరీక్షలో తేలి, షుగరు చూసి, డాక్టరు ఫోన్‌లోనైనా సరేనంటే డెక్సామెథసోన్ మొదటి డోసు 108 బండి కదలకముందే పడాలి. చందంపేట నుంచి, అప్పాపూర్ పెంట నుంచి, అంత దూరం నుంచి వచ్చేవాళ్లకు ఆ రెండు మూడు గంటలే ప్రాణం. జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న ఈ మందు గురించి ఏ ఆరోగ్య కేంద్రంలోనూ ‘స్టాకు లేదు’ అనే మాట వినపడకూడదు. దానితోపాటు గ్లూకోమీటరు, దాని స్ట్రిప్పులు ఉండాలి. స్టెరాయిడ్ పడ్డ రోగికి రోజూ షుగరు చూడకపోతే అది సగం వైద్యమే.

జిల్లా ఆసుపత్రుల్లో బారిసిటినిబ్, టోసిలిజుమాబ్ ఉచితంగా అందాలి. తెలంగాణ వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ వాటిని ముందే కొని నిలవ ఉంచాలి. ఈ గడ్డ మీద తయారుచేస్తున్న కంపెనీలతో ఆపద రాకముందే ధర ఖాయం చేసుకోవాలి. ఆపద వచ్చాక బేరం ఆడితే ఏమవుతుందో చూశాం. ఆరోగ్యశ్రీని 10 లక్షలకు పెంచామన్నారు, సంతోషం. తీవ్రమైన వైరల్ న్యుమోనియాకు వాడే ఖరీదైన మందులు ఆ లెక్కలోకి వస్తాయో రావో బోర్డు మీద రాయాలి.

ముంబై, పుణె పోయే మన వలస కూలీల సంగతి కూడా చూడాలి. దసరాకో, జాతరకో, లాక్‌డౌన్‌కో తిరిగొచ్చినప్పుడు వాళ్లను రోగం మోసుకొచ్చినోళ్లుగా చూసి ఊరి బయట ఆపడం కాదు. బస్టాండులోనే ఆక్సిమీటర్, పరీక్ష, నీళ్లు అందించాలి.

మీరు చేయవలసింది

ఈ కరపత్రం చదివి మడిచి జేబులో పెట్టుకోవద్దు. మీ ఊరి ఆరోగ్య కేంద్రానికి పోండి. నర్సమ్మతో కొట్లాటకు దిగొద్దు, ఆమె తప్పేమీ లేదు. మర్యాదగా అడగండి. ఆక్సిమీటర్ ఉందా, బ్యాటరీ ఉందా? ఆక్సిజన్ ఉందా? డెక్సామెథసోన్ ఎన్ని సీసాలున్నాయి, వాటి మీద గడువు తేదీ ఎంత? గ్లూకోమీటర్ స్ట్రిప్పులున్నాయా? జిల్లా దవాఖానకు పోయినప్పుడు, రెండో వేవ్ తర్వాత పెట్టిన ఆక్సిజన్ ప్లాంటు నడుస్తున్నదా అని అడగండి. జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి.

జవాబు చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు ఫీజు ఊరి స్థాయి ఆఫీసుకు లేదు, మండల ఆఫీసుకు 5 రూపాయలు, జిల్లా ఆఫీసుకు 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు వేయొచ్చు. రాయడం రానివాళ్లకు చదువుకున్న పిల్లలు రాసిపెట్టండి. కాలేజీ పిల్లలారా, ఇది మీ పని. పది ఊళ్ల లెక్క మీ దగ్గరుంటే కలెక్టరు ముందు మాట నిలబడుతుంది.

వచ్చే గ్రామసభలో ఈ కోరికల మీద తీర్మానం పెట్టించండి. సర్పంచి సంతకం, పంచాయతీ కార్యదర్శి ముద్ర ఉన్న ఆ తీర్మానాన్ని పట్టుకొని సోమవారం నాడు కలెక్టరేట్‌లో ప్రజావాణికి రండి. ఒక్కరు కాదు, ఊరికి నలుగురు రండి. రెండో వేవ్‌లో మనిషిని పోగొట్టుకున్న ఇంటివాళ్లు ముందు నిలబడండి, మిమ్మల్ని కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు. దరఖాస్తు ఇచ్చాక రసీదు తీసుకోండి, దాని మీద నంబరును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రెండు వారాల తర్వాత ఆ నంబరుతో మళ్లీ అడగడానికి రండి.

చదివాక ఈ కాగితం పక్కింటివాళ్లకు ఇవ్వండి. చదవడం రాని అవ్వకు చదివి వినిపించండి.